మూడో రోజు డబ్బా

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. కూరగాయలు తరిగే మనిషికి అది ఉండాలి కూడా. పైకి నిగనిగలాడే వంకాయలోనే పురుగు ఉంటుంది. ఇన్నేళ్లుగా రోజూ అదే చూస్తున్నదాన్ని, మనుషుల్ని మాత్రం పైపైన చూసి ఎలా నమ్ముతాను? మా ఆయన అస్తమానం ‘అనుమానం పెనుభూతం’ అంటుంటాడు. ఆయన ఆ మాట అంతగా ఎందుకంటాడా అని కూడా నాకు అనుమానమే.

నేను పనిచేసేది ఆసుపత్రి వంటగదిలో. అక్కడ ఒక పద్ధతి ఉంది. వండిన ప్రతిదాంట్లోంచీ వార్డులకు వెళ్లేముందే ఒక గరిటెడు తీసి, మూతున్న చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, ఏ రోజుదో కాగితం అంటించి, స్టోరు పక్కనున్న ఫ్రిజ్‌లో పెడతాం. మూడు రోజులు ఉంచుతాం. ఈలోపు ఏ రోగికైనా కడుపు చెడితే ఆ డబ్బాను పరీక్షకు పంపుతారు, తప్పు వంటదా కాదా తేలిపోతుంది. ఎవరికీ ఏమీ కాకపోతే మూడో రోజు సాయంత్రం పారబోసి, డబ్బా కడిగి బోర్లిస్తాం. ఆ పని నాది. ఫ్రిజ్ తాళంచెవి నా నడుముకే ఉండాలి గానీ, వంగి తరుగుతుంటే గుచ్చుకుంటోందని మసాలా డబ్బాల అర వెనక మేకుకు తగిలిస్తాను. ఆ మేకు సంగతి తెలియనివాడు మా వంటగదిలో లేడు.

ఈ డబ్బాల పద్ధతి పెట్టింది మా పాత వంటమాస్టరు. ఆ మేకు కొట్టింది కూడా ఆయనే. ఇప్పుడున్న మాస్టరు ఆయన శిష్యుడే కాబట్టి ఇతను చిన్న మాస్టరు, ఆయన పెద్ద మాస్టరు. పని మానేసి చాలా కాలమైనా పెద్ద మాస్టరు రోజూ వంట దిగే వేళకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. చిన్న మాస్టరు గరిటెతో కూర తీసి ఆయన అరచేతిలో వేసేవాడు. ఆయన నాలుకకు తగిలించుకుని, కళ్లు మూసుకుని, కాసేపు మమ్మల్నందర్నీ నిలబెట్టి, ‘సరిపోయింది’ అనో ‘చిటికెడు పడాలి’ అనో తీర్పు చెప్పేవాడు. అది అయ్యాకే ట్రాలీలు కదిలేవి. ఆయన ఉప్పు చూపు మీద మా అందరికీ అంత గురి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకసారి ఉప్పెక్కువైందని కాగు కాగంతా మోరీలో వంపించి, వార్డుల్లో రోగులు కంచాలు వాయిస్తున్నా చలించకుండా మళ్లీ పొయ్యి వెలిగించిన మనిషి ఆయన.

ఉప్పు చూశాక కుళాయి పక్కన స్టూలు మీద కూర్చుని, ముందురోజు రాత్రి తను ఇంట్లో ఏం వండుకున్నాడో చెప్పేవాడు. ఒంటరి మనిషి. చేపముక్కలు నిమ్మరసంలో ఎంతసేపు నానాయో, ఉల్లిపాయలు ఏ రంగుకు వచ్చాక గుడ్లు కొట్టాడో, వింటుంటే నోరూరేది. ఒక కంచం పెట్టమంటారా అని చిన్న మాస్టరు అడిగితే, తినే వచ్చాను లేరా అనేవాడు. తర్వాత కొత్త మేనేజరు వచ్చి, బయటివాళ్లకు మెతుకు కూడా పెట్టకూడదని గోడ మీద కాగితం అంటించాక, చిన్న మాస్టరు అడగడం కూడా మానేశాడు. మేమంతా ట్రాలీలు తోసుకుంటూ వార్డులకు వెళ్తుంటే, పెద్ద మాస్టరు ‘పొయ్యిల సంగతి నేను చూస్తాలే, వెళ్లి రండి’ అనేవాడు.

అందరూ ఆయన మాటలు వినేవారు, నేను చేతులు చూసేదాన్ని. వండే మనిషి చేతి మీద ఎక్కడో ఒకచోట కాలిన మచ్చ ఉంటుంది. చిన్న మాస్టరుకైతే పాతది మానేలోపు కొత్తది పడుతుంది. పెద్ద మాస్టరు చేతులు పసిపిల్లాడి చేతుల్లా ఉండేవి. దగ్గరికి వస్తే సబ్బు వాసనే తప్ప ఉల్లి వాసన లేదు, తిరగమోత వాసన లేదు. రోజూ రాత్రి చేపలు వేయించుకునేవాడు ఇలాగే ఉంటాడా? ఈయన ఇంట్లో వండుకోవడం లేదు, ఎక్కడో ఎవరో పెడుతున్నారు, ఊరికే ఎవరు పెడతారు అని లెక్క వేశాను. మా వంటగది కాంట్రాక్టు కోసం కాచుకుని కూర్చున్న ఇంకో కాంట్రాక్టరు ఉన్నాడు. అక్కడ తిని ఇక్కడి గుట్టు మోస్తున్నాడని తేల్చుకున్నాను. చిన్న మాస్టరు చెవిన వేస్తే, అతను నన్ను పైనుంచి కిందికి చూసి, ఉల్లిపాయలు తొందరగా కానివ్వమన్నాడు.

అప్పుడు వచ్చి పడింది గొడవ. ఆడవాళ్ల వార్డులో ఒకావిడకు వాంతులు మొదలయ్యాయి. రెండు రోజుల నుంచే కడుపులో తిప్పుతోందని ఆవిడ చెప్పడంతో, డాక్టరమ్మ మొన్నటి డబ్బా పంపమంది. నేను ఫ్రిజ్ తెరిచాను. మొన్నటి డబ్బా దాని చోట్లో లేదు. శుభ్రంగా కడిగి, పై అరలో బోర్లించి ఉంది. నేనింకా పారబోయలేదు, కడగలేదు. అంతకుముందూ అప్పుడప్పుడూ ఇలాగే కడిగి కనబడితే, నాకో పని తగ్గిందనుకుని ఊరుకున్నాను.

ఆవిడ వాంతులు మందు పడకపోవడం వల్ల అని సాయంత్రానికి తేలింది. తేలితే మాత్రం ఏం, మేనేజరు ఆ ఖాళీ డబ్బాను వదల్లేదు. కూర చెడిందని తెలిసినవాడే దాన్ని మాయం చేసి ఉంటాడన్నాడు. అంటే చిన్న మాస్టరు, లేదంటే తాళంచెవి మనిషిని కాబట్టి నేను. తనిఖీవాళ్లు వచ్చేలోపు దొంగ ఎవరో చెప్పకపోతే ఇద్దరినీ ఇంటికి పంపి కొత్తవాళ్లను పెట్టుకుంటానన్నాడు. నా ఇల్లు నడిచేది ఈ కత్తిపీట మీదే. ఆ రాత్రి ఇంట్లో నాకు అన్నం సహించలేదు.

ఆ మర్నాటి నుంచి మా వంటగదిలో గాలి మారిపోయింది. రొట్టెలు కాల్చే ఆవిడ స్టోరులోకి వెళ్తే స్టోరు కీపరు వెనకాలే వెళ్లేవాడు. అతను వెళ్తే ఆవిడ వెళ్లేది. ఎవరు మూతి తుడుచుకున్నా మిగతావాళ్లు చూసేవారు. నేను దగ్గినా ఏం తిన్నావు అన్నట్టు చూశారు. డబ్బా కడిగి బోర్లించిన తీరు బట్టి పట్టుకుందామా అంటే, అది పెద్ద మాస్టరు మా అందరికీ నేర్పిన అలవాటు. మా దగ్గర చెంచా అయినా కడిగి బోర్లించందే ఎవరికీ చెయ్యి ఊరుకోదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?

చివరికి చిన్న మాస్టరుకు ఒక ఆలోచన వచ్చింది. ఆ రోజు పారబోయాల్సిన మూడో రోజు డబ్బా ఎలాగూ చెత్తలోకే పోతుంది, అందులో గుప్పెడు ఉప్పు కలుపుదామన్నాడు. కూర దుంపలది, చిక్కటిది, కలిపితే పైకి తెలియదు. మొదటి ముద్దకే దొంగ ఉమ్మేయాలి. సింకులోనో చెత్తబుట్టలోనో కనబడుతుంది, లేదంటే మొహంలోనైనా కనబడుతుంది. దొంగకు తేలు కుట్టినట్టు అరవలేక, ఊరుకోలేక బయటపడతాడని అతని ధీమా. ఈ సంగతి అతనికీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. తాళంచెవి మామూలుగానే మేకుకు తగిలించి, ట్రాలీ తోసుకుంటూ వెళ్లాను. వార్డులో ఎవరికేం వడ్డించానో నాకే తెలియదు.

తిరిగొచ్చి చూస్తే డబ్బా కడిగి బోర్లించి ఉంది. సింకు వెతికాను. బుట్ట కుమ్మరించాను. మోరీ జాలీ కూడా ఎత్తి చూశాను. ఒక్క ముక్క లేదు. అంత ఉప్పూ ఎవరో గుటకేశారు.

చిన్న మాస్టరు చాలాసేపు డబ్బాను తిప్పి తిప్పి చూశాడు. అతని మొహంలో బెంగ పోయి తేట వచ్చింది.

“ఒకటి మాత్రం తేలింది అక్కా,” అన్నాడు. “ఇది వంట తెలిసినవాడి పని కాదు. నాలుక ఉన్నవాడెవడూ దీన్ని మింగలేడు. నువ్వు మాస్టరు గారిని అనుమానించావు చూడు, ఆయనే అయితే మొదటి ముద్దకే ఉమ్మేసి, ఎవడ్రా వండింది అని నా చెవి మెలేసేవాడు.”

నాకూ నిజమే అనిపించింది. కాగు మోరీలో వంపించిన మనిషి ఆ డబ్బా నాకి పెడతాడా? మరి రుచీ పచీ లేకుండా ఏది దొరికితే అది మింగేవాడు మాలో ఎవడు? గిన్నెలు తోమేవాడు. వాడికి మేం పెట్టుకున్న ముద్దుపేరు బకాసురుడు. కొండంత అన్నం తిన్నా పుల్లలాగే ఉంటాడు. మాడిన అడుగు గీకి పెట్టినా వద్దనడు. మేం వార్డులకు వెళ్లినప్పుడు వాడు పెరటివైపు కుళాయి దగ్గరే ఉంటాడు. అన్నీ కుదిరాయి. మర్నాడు నేనే వెళ్లి మేనేజరుకు చెప్పాను. చిన్న మాస్టరు నసిగాడు గానీ అడ్డుపడలేదు.

వడ్డన వేళకు మేనేజరు వంటగదిలోకి వచ్చి బకాసురుణ్ణి నిలబెట్టాడు. వాడు చేతులకున్న సబ్బు నురగ తుడుచుకోకుండానే నా వైపు తిరిగాడు.

“తినాలనిపిస్తే నీ ఎదురుగానే అడిగి తింటాను కదక్కా. దొంగతనంగా తినాల్సిన ఖర్మ నాకేంటి?”

అబద్ధమాడేవాళ్లు అలాగే అంటారని మనసులో అనుకున్నాను. మేనేజరు ఈ ఇంటి ఉప్పు తిని ఈ ఇంటికే ద్రోహమా అని మొదలుపెట్టి, ఏప్రాన్ విప్పి అక్కడ పెట్టి వెళ్లమన్నాడు. వాడి వేళ్లకు ముడి ఊడిరావడం లేదు.

అప్పటికే పెద్ద మాస్టరు వచ్చి ఉన్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ కుళాయి దగ్గరే ఉన్నాడు. గ్లాసు నింపుకోవడం, తాగడం, మళ్లీ నింపుకోవడం. మొహం కాస్త ఉబ్బినట్టుంది. చిన్న మాస్టరు ఉప్పు చూడమని గరిటె పట్టుకెళ్తే, ఆయన చెయ్యి చాపలేదు.

“సార్, అతన్ని పంపకండి,” అన్నాడు స్టూలు మీద నుంచే, నిదానంగా. “నిన్నటి డబ్బాలో ఉప్పు బాగా ఎక్కువైంది. అది తిన్న మనిషికి ఈపాటికి కాళ్లు వాచిపోయి ఉండాలి. అతని కాళ్లు చూడండి, ఎలా పుల్లల్లా ఉన్నాయో.”

మేనేజరుకు ఏమీ అర్థం కాలేదు. ఉప్పేమిటి, కాళ్లేమిటి, ఈ ముసలాయన్ని లోపలికి ఎవరు రానిచ్చారని విసుక్కున్నాడు. చిన్న మాస్టరు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నా చూపు దానంతటదే కిందికి దిగింది. పెద్ద మాస్టరు చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగబడిపోయి ఉన్నాయి. ఇస్త్రీ ప్యాంటు కింద ఆ పాదాలు వేరే ఎవరివో అన్నట్టున్నాయి.

ఆ ఉప్పు సంగతి తెలిసింది మా ఇద్దరికే. మాకు చెప్పడానికే ఆయన ఆ మాట అన్నాడు.

“సార్, ఆ డబ్బాలు ఖాళీ చేసింది నేనే,” అన్నాడు చిన్న మాస్టరు. “వాసన వస్తున్నట్టుంటే పారేశాను. అప్పుడే చెప్పాల్సింది, భయపడ్డాను.”

మేనేజరు అరవాల్సినంతా అరిచాడు. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదని రాసి అతని చేతిలో పెట్టాడు. బకాసురుడు ఊడని ముడినే మళ్లీ బిగించుకుని గిన్నెల దగ్గరకు వెళ్లాడు. ఈ సందట్లో పెద్ద మాస్టరు ఎప్పుడు లేచి వెళ్లాడో ఎవరూ చూడలేదు. స్టూలు మీద గ్లాసు కడిగి బోర్లించి ఉంది.

మర్నాడు ఆయన రాలేదు. ట్రాలీలు ఆలస్యంగా కదిలాయి. పని దిగాక నేనూ చిన్న మాస్టరూ ఆయన గదికి వెళ్లాం. సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద మేడగది. మెట్లెక్కుతూ కూడా నా బుద్ధి మానలేదు, లోపల ఆ కాంట్రాక్టరు పంపిన కారియరు ఉంటుందేమో చూడాలనుకున్నాను.

కారియరు లేదు. గోడకు గిన్నెలు పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరుసగా మెరుస్తూ వేలాడుతున్నాయి. గట్టు మీద పొయ్యి ఉండాల్సిన చోట గోడకు పొగమసి చారిక ఉంది. ఆ చారికకు సాలెగూడు అల్లుకుని ఉంది. కింద ఒక బిస్కెట్ ప్యాకెట్, దాని పక్కన నీళ్లలో నానేసిన రెండు బిస్కెట్లు ఉన్న గ్లాసు.

పెద్ద మాస్టరు మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు, లేవలేక నవ్వాడు. ఇప్పుడే తిన్నానని, ఉంటే మీకూ పెట్టేవాణ్ణని అన్నాడు. ఏం వండారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. చిన్న మాస్టరు నేల మీద కూర్చుని ఆయన పాదం మీద వేలితో నొక్కాడు. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

“పొయ్యేది మాస్టరు గారూ?”

ఆయన కాసేపు గిన్నెల వైపు చూశాడు. ఒకసారి గ్యాస్ కట్టేయడం మరిచిపోయానని, ఇల్లుగల ఆవిడ భయపడి పొయ్యి పట్టుకెళ్లిపోయిందని, ఆవిడ తప్పేమీ లేదని చెప్పాడు. హోటల్లో తిందామంటే రోజూ కొనుక్కునే తాహతు లేదు, కొన్నా ఆ ముద్దలు నమలడానికి పళ్లు లేవు. డబ్బాలో కూరైతే మూడో రోజుకు మెత్తగా నానిపోయి ఉంటుంది. ఎలాగూ మోరీపాలయ్యేదే కదా అనుకున్నాడు. ఎప్పుడూ మూడో రోజుదే తీశాడు తప్ప కొత్తది ముట్టలేదు. ఇదంతా తనది కాని సంగతేదో చెప్తున్నట్టు చెప్పాడు.

నేను ఉండబట్టలేక అడిగేశాను. “నోరు తెరిచి ఒక్క మాట అంటే మా కంచంలోది పెట్టమా?”

“ఇన్నేళ్లు వడ్డించిన చెయ్యమ్మాయ్ ఇది. చాపుదామంటే చాచుకోదు.”

చిన్న మాస్టరు తల ఎత్తలేదు. “ఉప్పు వేసింది నేనే,” అన్నాడు.

“నువ్వేనని తెలుసులే. నీ చిటికెడు మొదట్నుంచీ గుప్పెడే.”

“మరి ఎలా తిన్నారు? ఎలా మింగుడు పడింది మీకు?”

దొంగతనం ఒప్పుకున్నప్పుడు మామూలుగా ఉన్న పెద్ద మాస్టరు మొహం ఇప్పుడు ఎర్రబడింది. తలుపు దగ్గరగా వేయమని నాకు సైగ చేశాడు. వేసి వచ్చాను.

“తెలియలేదురా,” అన్నాడు. “తిన్నంతసేపూ తెలియలేదు. తర్వాత దాహం మొదలై, ఆగకపోతే అప్పుడనుకున్నాను, ఏదో పడిందని. నా నాలుక పోయి చాలా కాలమైంది. ఉప్పూ లేదు, కారమూ లేదు. అంతా తడిపిన అట్టముక్కే.”

“రోజూ ఉప్పు చూస్తున్నారు కదా.”

“మీ మొహాలు చూసి చెప్పేవాణ్ణి. నీకు ధైర్యంగా ఉంటే సరిపోయింది అనేవాణ్ణి. నీళ్లు నములుతుంటే చిటికెడు అనేవాణ్ణి. నువ్వెప్పుడూ తప్పు వండలేదు కాబట్టి నెగ్గుకొచ్చాను.” ఆయన చిన్న మాస్టరు చెయ్యి పట్టుకున్నాడు. “డబ్బాలు దొంగిలించి తిన్నానని అందరికీ చెప్పు, ఫర్వాలేదు. నాలుక పోయిందని మాత్రం ఎవరికీ చెప్పకురా.”

నాకు ఏడుపొచ్చింది. ఎదుటివాళ్ల ముందు ఏడవడం నాకు చిరాకు కాబట్టి, గ్లాసులోని బిస్కెట్ నీళ్లు పారబోసి, కడిగి బోర్లించాను. ఇన్నాళ్లూ ఆ చేతుల్లో మచ్చ లేదని నేనే అందరికంటే ముందు చూశాను. చూసి కూడా ఎవరు తినిపిస్తున్నారా అని వెతికానే తప్ప, తిన్నాడా అని అనుకోలేదు.

కాళ్ల వాపు తీశాక ఆయన మళ్లీ వచ్చాడు. మేనేజరు కంటపడకుండా కుళాయి వెనక్కి స్టూలు జరిపాం. మాకు ఆసుపత్రి పెట్టే కంచాల్లోంచే ఆయనకు తీస్తున్నాం. మొదట తీసింది బకాసురుడు. ఎందుకు తీస్తున్నామో వాడు అడగలేదు. వాడు అంత అన్నం వదులుకుంటున్నాడంటే ఏదో ఉందని మొదట్లో నాకు అనుమానం వచ్చింది, ఏమీ లేదు. పెద్ద మాస్టరు మాత్రం ఊరికే తిననంటాడు, ముందు ఉప్పు చూడాలంటాడు.

ఈ రోజూ చూశాడు. అరచేతిలో కూర వేయించుకుని, నాలుకకు తగిలించి, కళ్లు మూసుకున్నాడు. మేమంతా ట్రాలీల దగ్గర నిలబడ్డాం. రొట్టెలు కాల్చే ఆవిడ కూడా పీట మీద నుంచి లేచి నిలబడింది.

“చిటికెడు పడాలి,” అన్నాడు.

కూరలో ఉప్పు సరిగ్గా ఉంది, నేను ముందే చూశాను. చిన్న మాస్టరు ఉప్పు డబ్బా మూత తీశాడు, వేళ్లు లోపల పెట్టాడు, తీసి కాగు మీద నలిపాడు. పక్కనే ఉన్నాను కాబట్టి ఆ వేళ్ల మధ్య ఏమీ లేకపోవడం నేను చూశాను. కలిపి, మళ్లీ గరిటెడు ఆయన అరచేతిలో వేశాడు.

పెద్ద మాస్టరు నాలుకకు తగిలించుకున్నాడు. కళ్లు తెరిచి చిన్న మాస్టరు మొహంలోకి చూశాడు, చాలాసేపు.

“ఇప్పుడు సరిపోయింది,” అన్నాడు. ట్రాలీలు కదిలాయి.